మా ఆయన కట్టిన ఇంజను సైకిలు

కోవూరుకు తూర్పున, సముద్రం హోరు వినపడేటంత దూరంలో ఉన్న ఒక ఊళ్లో నేను పురుళ్లు పోసే నర్సుగా పని చేసేదాన్ని. అప్పటికి మాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. మా ఆయన కోవూరు బియ్యం మిల్లులో ఫిట్టరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త.

నా కింద చాలా పల్లెలు ఉండేవి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళేలు కూడా నావే. సైకిలు తొక్కుకుంటూ కాలువ కట్ట మీద పోయేదాన్ని. పొద్దున పిలుపొస్తే బాధ లేదు. మధ్యాహ్నం దాటాక వచ్చిందంటే సముద్రపు గాలి ఎదురయ్యేది. పైట నోట్లో పెట్టుకుని, సీటు మీంచి లేచి తొక్కినా బండి కదిలేది కాదు. కాన్పు చేయాల్సిన ఇంటికి చేరేసరికి చేతులు వణికేవి. కాసేపు గోడకానుకుని నిలబడి, ఆ తర్వాతే లోపలికి పోయేదాన్ని.

ఒకరోజు అన్నం తింటుంటే ముద్ద చేతిలోంచి జారింది. మా ఆయన చూశారు.

"ఏంది, చెయ్యి అట్టా వణకతా ఉండాది?"

"ఎదురుగాలి" అన్నాను.

కొన్నాళ్లకు మిల్లు సామాన్ల కోసం ఆయన్ని మద్రాసు పంపితే, వస్తూ వస్తూ గోనెసంచిలో ఒక చిన్న ఇంజను మోసుకొచ్చారు. సీమలో, అంటే ఇంగ్లండులో, సైకిళ్లకు బిగించుకునే ఇంజనట. పాత సామాన్ల అంగడిలో, ఇత్తడి చెంబుల మధ్య పడి ఉందట. పిస్టను బిగుసుకుపోయి ఉంది. సగం బోల్టులు లేవు.

దాని కోసం ఆయన పడిన పాటు చెప్పలేను. నా సైకిలు ఆ బరువుకు ఆగదని, పాలవాళ్లు వాడే మొరటు సైకిలు ఒకటి సంపాదించారు. చీరతో ఎక్కడానికి వీలుగా ముందు గొట్టం కోసి, కిందికి వంచి అతికించారు. రేకు డబ్బాకు మాటు వేసి పెట్రోలు ట్యాంకు చేశారు. ఇంజను వెనక చక్రం మీద కూర్చుంటుంది. దాని కింది రోలరు టైరును ఒరుసుకుంటూ తిరిగితే బండి నడుస్తుంది. పాత రోలరు నున్నగా అరిగిపోయింది. నెల్లూరులో లేతు మిషను ఉన్న షాపులో గాట్లు పెట్టిన కొత్త రోలరు చేయించుకొచ్చారు. నా చీర చెంగు చిక్కుకోకుండా చక్రానికి రెండు పక్కలా అడ్డుగా రేకులు కట్టారు.

ఇదంతా మా ఇంటి వెనక వసారాలోనే. ఆదివారం గుడి నుంచి రాగానే చొక్కా విప్పి కూర్చునేవారు. మా అత్త విసుక్కునేది.

"అన్నంలో కూడా కిరసనాయిలు వాసన వస్తా ఉండాది రా అబ్బయ్యా. పెళ్లాం కోసం ఇంజను కట్టినోణ్ణి యాడన్నా చూసినామా?"

అలా అంటూనే బోల్టులు కడగడానికి తన పాత చీర చింపి ఇచ్చేది.

మొదటిసారి ఎక్కిన రోజు ఆయన సీటు పట్టుకుని వెనక పరిగెత్తారు. "తొక్కు, తొక్కు, ఇప్పుడు మీట వదులు" అన్నారు. హేండిలు దగ్గర నొక్కి పట్టుకున్న మీట వదిలాను. టపటపమంటూ ఇంజను అందుకుంది. ఆయన వెనకే ఉన్నారనుకుని మాట్లాడుతున్నాను. తిరిగి చూస్తే ఎక్కడో దూరంలో, పంచె ఎగ్గట్టుకుని నిలబడి, రెండు చేతులూ ఊపుతున్నారు. ఆపడం ఎలాగో నాకు అప్పటికి చెప్పనేలేదు. గడ్డివాములోకి పోయి ఆపాను. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను లేపకముందే నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

పాళెంలో ఆడవాళ్లు "నర్సమ్మ మిల్లు ఇంజను ఎక్కొచ్చినాదే" అని గుమికూడేవాళ్లు. మొదట్లో మగవాళ్లు కొందరు ముఖం తిప్పుకున్నారు. వాళ్లిళ్లలో కాన్పులకు నేను వేళకు చేరడం మొదలయ్యాక వాళ్లే ఇసుకలో బండి తోసిపెట్టారు. ఇప్పుడు నా చేతులు వణికేవి కావు. గోడకానుకోవాల్సిన పని తప్పింది.

ఉప్పుగాలికి చక్రాల పుల్లలు తుప్పు పట్టేవి. ఆయన కొబ్బరినూనె గుడ్డతో ఒక్కో పుల్లా తుడిచేవారు. నేను కట్ట మలుపు తిరిగేసరికి ఇంట్లోంచే ఇంజను చప్పుడు విని, "ప్లగ్గుకు మసి పట్టినాది" అనేవారు. విప్పి చూస్తే నిజంగానే పట్టి ఉండేది. నా ఒంటి నలత కంటే ఆ బండి నలత ఆయనకు ముందు తెలుస్తుందని ఎగతాళి చేసేదాన్ని.

అలా గడుస్తుండగా నాకు నెల తప్పింది. మూడో నెల వచ్చింది. ఆయన సంతోషం పట్టలేకపోయారు. బండి మానేయమని మా అత్త ఒకసారి అంది. ఇంకొన్నాళ్లు పర్వాలేదని నేనే చెప్పాను. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి నాకు తెలిసిన విద్యే.

ఆ రోజుల్లోనే సీటు కింద స్ప్రింగు ఒకటి విరిగింది. మెత్తటివి దొరకలేదు. ఆయన ఏదో లారీ సీటులోంచి తీసినవి తెచ్చి బిగించారు. "కొంచెం గట్టిగా ఉండాయి. మంచివి దొరికేదాకా ఓర్చుకో" అన్నారు. నాకేమీ తేడా తెలియలేదు. మర్నాడు ఒక కాన్పుకు పోయి వచ్చాను. ఆ సాయంత్రమే నొప్పి మొదలైంది. బిడ్డ దక్కలేదు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది. ఇలాంటివి ఎందరికో జరుగుతాయనీ, మంచం దిగని వాళ్లకూ జరుగుతాయనీ, తప్పు బండిదీ కాదు, మీదీ కాదు, ఆమెదీ కాదనీ విడమరిచి చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని విని, "సరేనమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక మా అత్త నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. "నీ తప్పేం లేదు తల్లీ. అంతా ఆ పాడు బండి చేసింది" అంది. నన్ను ఓదార్చడానికే అంది పాపం. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారని ఆమె చూసుకోలేదు.

మర్నాడు ఆయన మిల్లుకు పోలేదు. వసారాలో బండి పడుకోబెట్టి విప్పుతున్నారు. రోజూ చేసే పనిలాగే, తొందర లేకుండా, ఒక్కో బోల్టు తీసి పక్కన పెడుతున్నారు. నేను నెమ్మదిగా వెళ్లి గడప మీద కూర్చున్నాను.

"ఎందుకు విప్పుతున్నారు?"

"ఆ స్ప్రింగులు పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు.

"డాక్టరమ్మ చెప్పింది కదా. నేనూ చెప్తున్నా. ఎన్ని చూశాను నేను! స్ప్రింగులకు పోయే బిడ్డ కాదండీ."

"ఊఁ" అన్నారు. చేతులు ఆగలేదు.

నా పనిలో ఎందరో తల్లులకు ఇదే మాట చెప్పాను, నీ తప్పు కాదమ్మా అని. వాళ్లలో చాలామంది నమ్మారు. నమ్మి, తేరుకుని, మళ్లీ కన్నారు. మా ఆయన మాత్రం నా మాట నమ్మలేదు. కోప్పడి చెప్పాను, ఏడ్చి చెప్పాను. నా మనసు నొచ్చుకుంటుందని, ఒప్పుకున్నట్టు తల ఊపేవారు, అంతే.

నేను మళ్లీ పాత సైకిలు ఎక్కాను. తర్వాత కొంత దూరం బస్సు వచ్చింది. మాకొక కూతురు పుట్టింది. ఆయన మామూలుగానే ఉండేవారు. మిల్లుకు పోయేవారు, పాపను భుజం మీద ఎక్కించుకుని తిప్పేవారు. కానీ ఇంట్లో స్పానరు పట్టలేదు. బావి గిలక కీచుమంటే కూడా ఊళ్లో కమ్మరిని పిలిపించేవారు. ఆదివారం మధ్యాహ్నాలు వసారాలో ఊరికే పడుకునేవారు. అది చూడటమే నాకు కష్టంగా ఉండేది.

పాప బడికి పోయే వయసొచ్చాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "నాకు బస్సు కుదరడం లేదు. ఆ బండి మళ్లీ కట్టరా?"

మరుసటి ఆదివారం ఆయన అటక మీంచి ఇంజను ఉన్న గోనెసంచి దించారు. పిస్టను మళ్లీ బిగుసుకుపోయి ఉంది. కిరసనాయిల్లో నానబెట్టి, తట్టి తట్టి కదిలించారు. ఇంజనును బల్లకు బిగించి, తాడుతో తిప్పారు. ఒకటి రెండుసార్లు దగ్గి అందుకుంది. పాప చెవులు మూసుకుని గెంతింది. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఒక్క క్షణం తల పక్కకు వంచి, వెనకటిలాగే ఆ చప్పుడు విన్నారు. తర్వాత పెట్రోలు కట్టేశారు.

"నడస్తా ఉండాదిలే. చాలు" అన్నారు.

ఆ ఇంజను పైరుకు మందు కొట్టే పంపుకు పనికొస్తుందని ఒక రైతుకు ఇచ్చేశారు. నేను వద్దనలేదు.

ఆ తర్వాత ఒకనాడు వెంకటాచలం ఊరి వైపు నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల తమ్ముడికి చిన్నప్పుడే కాలు పడిపోయిందట. చేతులతోనే నడిపేలా ఇంజను సైకిలు కట్టించాలని తిరుగుతున్నాడు. "మీరు కట్టినారని చెప్పినారన్నా" అన్నాడు ఎంతో ఆశగా. నేను లోపల కాఫీ కలుపుతూ విన్నాను.

"నేను కాదన్నా. నాకా పని రాదు. ఎవరో పొరపాటున చెప్పినట్టుండారు" అన్నారు మా ఆయన.

వచ్చినాయన కాఫీ తాగి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. నేను బయటికొచ్చాను.

"రాదని ఎందుకు చెప్పారు?"

"మళ్లీ ఎవరికన్నా ఏమన్నా అయితే?" అన్నారు.

వాకిట్లోకి వెళ్లి చూశాను. ఆ మనిషి అప్పటికే కట్ట ఎక్కేశాడు. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిచి ఏం చెప్పను? తిరిగొచ్చి గ్లాసు తీశాను.