మాడిన వాటా

చర్చి విందులో ఐడెల్లా చేసిన బ్లూబెర్రీ కేకు లేకపోతే అది విందే కాదని ఊళ్ళో అందరూ అంటారు. అందరికంటే గట్టిగా ఐడెల్లాయే అంటుంది. పొయ్యి దగ్గర ఒళ్ళు కాల్చుకుని సంపాదించిన పేరు, ఊరికే పోగొట్టుకుంటుందా?

ఇక్కడి బ్లూబెర్రీలు అడవి పంట, ఎవరూ నాటరు. ఒక ఏడు పొదలు తగలబెడితే మరుసటి ఏడు కాస్తాయి. తండ్రి పోతూ పోతూ గుట్ట మీది చేను ఇద్దరు కూతుళ్ళకూ చెరి సగం రాశాడు. అక్క వెర్నా సగం కాసిన ఏడు చెల్లెలు ఐడెల్లా సగం మాడి నల్లగా ఉంటుంది. మరుసటి ఏడు ఇటుది అటవుతుంది. ఏటా ఒకరి చేలో ఒకరు కోసుకు తింటారనుకున్నాడు, పిచ్చి మహారాజు. వాళ్ళు మాత్రం ఆయన ఇనుప దువ్వెన కోసం జుట్లు పట్టుకున్నంత పని చేశారు. చేటకు దువ్వెన పళ్ళు అతికించినట్టుండే ఆ పనిముట్టుతోనే కాయ దూస్తారు. "పెద్దదాన్ని, నాది" అని వెర్నా పట్టుకుపోయింది. అంతే, పదకొండేళ్ళుగా మాటల్లేవు.

తన వాటా మాడిన ఏడల్లా ఐడెల్లా కళ్ళెదుటి చేను కాదని మచాయస్ అనే ఊరి దాకా పోయి కొనుక్కొచ్చేది. ఈసారి అక్కడి రైతు చేను అమ్ముకుని వెళ్ళిపోయాడు. దుకాణంలో ఉన్నవన్నీ గోలీల్లా బలిసిన తోట పళ్ళు, కొరికితే నీళ్ళే. విందు చూస్తే రేపే. పొద్దుటి నుంచీ మింగలేక కక్కలేక తిరిగి, చివరికి బకెట్ పట్టుకుని గుట్ట ఎక్కింది.

వెర్నా బల్ల దగ్గర కూర్చుని పళ్ళలో ఆకులు ఏరుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"ఏం కావాలండీ?"

ఐడెల్లాకు ఒళ్ళు మండింది. "బెర్రీలండీ. కేకుకి."

"దారి తప్పొచ్చారేమో! తమరు మచాయస్ పళ్ళయితేనే ముడతారటగా?"

"ఆయన మానేశాడు. ఇస్తారా, పొమ్మంటారా?"

"ఏరినవి లేవు. ఇవి పాస్టర్ గారివి."

ఐడెల్లా గిర్రున వెనక్కి తిరిగింది. కోపమనుకుంది గానీ, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆగవే! ముక్కు మీద కోపం, నాన్న పోలికే." వెర్నా షెడ్డులోకి వెళ్ళి ఆ దువ్వెన తెచ్చింది. తండ్రి చేయి ఒరుసుకుపోతోందని చిన్నప్పుడు ఐడెల్లా పిడికి చుట్టిన ఎర్రగుడ్డ, వెలిసిపోయి, ఇంకా అలాగే ఉంది.

"నా భుజం పడిపోయింది. దీన్ని ఎత్తలేను. కూలివాళ్ళకివ్వడానికి మనసొప్పలేదు."

"మరి నన్ను పిలిచి ఇవ్వకపోయావా?"

"నువ్వు ఒక్కసారి అడక్కపోయావా?"

ఐడెల్లా చెయ్యి చాచి దువ్వెన అందుకుంది.

"కొనేవాళ్ళకయితే బల్ల మీద పెట్టి అమ్ముతా," అంది వెర్నా. "ఇంటివాళ్ళు వంగి కోసుకోవాలి. అదిగో, కోతకు హద్దుగా కట్టిన ఆ తాడు పక్క వరస నీది."

ఐడెల్లా వంగింది. దువ్వెన పొదల్లోకి జారింది, కాయలు గలగలా రాలాయి. బకెట్ సగమయ్యేసరికి నడుం పట్టేసింది.

"అక్కా! నడుం విరిగిపోతోందే, కాసిని నీళ్ళు తెచ్చి పెట్టవే!"

ఏమని పిలిచిందో ఐడెల్లా గమనించుకోలేదు. వెర్నాకు మాత్రం స్పష్టంగానే వినబడింది. అయినా ఇంకోసారి పిలుస్తుందని, విననట్టే కూర్చుంది.