సూరన్న తువ్వాలు, తోట బంగళా కమాను

మా చెల్లెలి భర్త సూరన్న గురించి రాయాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు పునాదుల్లో పనిచేసి షీల్డు అందుకున్నాను. మద్దిలపాలెంలో నేను లేపిన మూడంతస్తుల మేడకు ఇవాళ్టికీ బీట పడలేదు. తగరపువలసలో మేస్త్రీ ఎవరంటే నన్నే చూపిస్తారు.

సూరన్న మాత్రం రాయి, సున్నం తప్ప వేరే పని ముట్టలేదు. ఊరంతా సిమెంటు వైపు తిరిగినా గుళ్ల ప్రహరీలు, పాత నూతులు సరిచేస్తూ బతికాడు. పని దొరకని ఏళ్లలో మా చెల్లెలు జీడిపిక్కలు కొట్టి ఇల్లు నడిపింది. అలాంటివాణ్ణి భీమిలి దగ్గర జీడితోటలో ఉన్న పాత రాతి బంగళాకు పెద్ద మేస్త్రీగా పిలిచారు. నన్నూ పిలిచారు, అతని కింద.

మూరన్నర మందం గోడలు, మండువేసవిలోనూ చల్లగా ఉండే గదులు, సముద్రం వైపు వరండాకు వరసగా రాతి కమానులు. గాలివానకు నడిమి కమాను కూలింది. తోట యజమానురాలు హిమబిందు దాన్ని పాత రాళ్లతోనే నిలబెట్టమంది. కమాను నెత్తిన చివరి రాయి బిగించినవాడి తలకు యజమాని కొత్త తువ్వాలు చుట్టడం మా మేస్త్రీల ఆచారం. స్లాబులు పోసే నాకు ఆ గౌరవం ఎన్నడూ దక్కలేదు. ఈసారి దక్కించుకోవాలనుకున్నాను. వయసులో పెద్దవాణ్ణి, ఆ మాత్రం హక్కు లేదా?

ఆ ఉదయం అందరికంటే ముందే పరంజా ఎక్కి కూర్చున్నాను.

“ఏటి బావా, పెళ్లికొడుకులాగ కూకున్నావు? ఇది స్లాబు కాదు, దిగు” అన్నాడు సూరన్న కింద నుంచి.

“నాను ఎన్ని మేడలు కట్టానో నీకు తెల్దేటి?”

“తెల్దేటి బావా, రోజూ సెప్తన్నావు గదా! ఈ రాయికి నీ మేడలతో పనేటి? పక్కరాళ్లు కుదిరితేనే కూకుంటాది.”

కూలీలు పకపకా నవ్వారు. దిగాను.

అతను పరంజా ఎక్కి, చివరి రాయిని నడిమి సందులోకి దింపి చూశాడు, ఎత్తించాడు, అంచు కాస్త చెక్కాడు, మళ్లీ దింపాడు. సుత్తితో తడుతుంటే గుల్లగా ఉన్న మోత గట్టిపడటం కిందనున్న నాకూ వినిపించింది. హిమబిందు నిచ్చెనెక్కి అతని తలకు ఎర్రంచు తువ్వాలు చుట్టింది. నాకు చుట్టి ఉంటే అది బీరువాలో షీల్డు పక్కన ఉండేది.

అతనేం చేశాడు? ఎండ ముదరగానే దాన్ని విప్పి, బకెట్లో ముంచి, పచ్చి సున్నం అతుకుల మీద పరిచేశాడు.

“సూరన్నా, కొత్తది గదా! కప్పడానికి తడిగోనెలు లేవేటి?”

“పక్కలకే అయిపోనాయి బావా. సున్నం ఎండితే పగిలిపోతాది. నా తల ఎండితే ఏటవుతాది?”

అందరూ భోజనాలకు వెళ్లారు. సముద్రపు గాలికి తువ్వాలు ఆరిపోతోంది. నాదే అయితే అలా పరిచేవాణ్ణా? పరిచేవాణ్ణి కాదు. ఆ సంగతే నన్ను ఎక్కువ మండించింది. బకెట్టు పట్టుకుని పరంజా ఎక్కి తువ్వాలంతా తడిపాను.

తిరిగొచ్చిన సూరన్న చూడనే చూశాడు. “పొద్దుగూకే దాకా తడుపుతానే ఉండు బావా!”

తడిపాను. ఆ పనైనా నాకంటే బాగా చేసేవాడు తగరపువలసలో లేడు.