తాటిబెల్లం రంగు

మా నాన్న వలలకి కట్టే సీసపు గుళ్లు పోసేవారు. రాజోలు దగ్గర మా పెరట్లో రేకుల షెడ్డు, అందులో కరెంటు కాయిల్ మీద ఇనప కుండ. అంతర్వేది పడవలవాళ్లు వచ్చి గుళ్లని బస్తాల్లో పట్టుకెళ్లేవారు. సీసం కరిగితే చాలదు, వేడి సరిపోవాలి. తక్కువైతే అచ్చు నిండకముందే గడ్డకడుతుంది. ఎక్కువైతే పొగ లేస్తుంది, గుళ్లు గరుకుగా దిగుతాయి. దానికి మా కొలత ఎండిన కొబ్బరి ఈనె. కరిగిన సీసంలో ముంచి తీస్తే కొస తాటిబెల్లం రంగుకి తిరగాలి. నల్లబడితే స్విచ్చి కట్టెయ్యాలి.

తొంభైల చివర, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, నాన్న ఆ ఈనె నాకు చూపించడం మొదలుపెట్టేరు. "ఏ రంగమ్మా?" అనేవారు. ఒళ్లో పుస్తకం మీంచి తలెత్తి చెప్పేదాన్ని. సరదాకి అడుగుతున్నారనుకున్నాను. ఓ రోజు ఇంకా తెల్లగానే ఉన్న కొసని నా ముందు పెట్టి "మాడిందా?" అన్నారు.

అమలాపురంలో కళ్ల డాక్టరుగారు నీటికాసులన్నారు. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలిస్తే అదృష్టమనీ చెప్పేరు. బస్సు దిగేక నాన్న, "అద్దాలు రాశారని అమ్మతో చెప్పు. పడవలవాళ్ల చెవిన పడకూడదు. గుడ్డివాడి చేత గుళ్లెవరు పోయించుకుంటారు?" అన్నారు.

ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలోనూ రాయలేదు. గుళ్లకోసం వచ్చే ఓ పెద్దాయన మాత్రం వేళాకోళమాడేవాడు. "ఏవయ్యా, కూతురు పక్కన లేకపోతే నీ సీసం కరగదేంటి?"

"ఆయ్, మా అమ్మాయి చూపు తగలాలండి."

అందరూ నవ్వేవారు. నేను పుస్తకంలోకి తల దించేసుకునేదాన్ని.

కొత్తపేట సంబంధం కుదిరింది. పెళ్లివారి ఆడవాళ్లు వచ్చిన మధ్యాహ్నం నేను లోపల చీర కట్టుకుని కదలకుండా కూచున్నాను. పెరట్లోంచి ఘాటు వాసన వస్తున్నా లేవలేకపోయాను. వాళ్లు వెళ్లేక పరిగెత్తేను. షెడ్డు నిండా పొగ. నాన్న ఓ గుండుని వేళ్లమధ్య తిప్పుతూ కూచునున్నారు.

"అన్నీ గరుకేనమ్మా. ఈనె నల్లబడిందో లేదో తెలియలేదు." గుండుని కింద పెట్టి, "నువ్వెళ్లేక ఇది మూసేస్తాను" అన్నారు.

మూసేస్తే ఆయన ఇంక అరుగుమీద కూచుని, దారిన పోయేవాళ్లని అడుగుల చప్పుడుతో పోల్చుకోవాలి. నాకు తలుచుకోబుద్ధి కాలేదు.

మోటార్లు చుట్టే మేస్త్రిగారిని అడిగితే, "వేడి చూసుకుని తనే కరెంటు ఆపే కంట్రోలరుంటదండి. రాజమండ్రిలో దొరుకుద్ది" అన్నారు. షాపులో ధర అడగడానికే నాకు మొహమాటం. బస్సులో దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లేను. షాపాయన ఓ పెట్టె తీసి ప్లగ్గు పెడితే ఎర్రటి అంకెలు వెలిగేయి. నాన్నకి ఆ అంకెలెందుకు? తల అడ్డంగా ఊపేను.

"ఇది కాకపోతే బ్లైండ్‌ది ఇమ్మంటారా అమ్మా?"

"మీకెవరు చెప్పారండీ?" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగేయి.

ఆయన కంగారుపడిపోయేడు. "ఎవరు చెప్పడమేంటమ్మా? అంకెలు లేనిదాన్ని బ్లైండనే అంటామండి. తిప్పుకునే బిళ్ల ఒక్కటే ఉంటది."

అదే తెచ్చేను. మేస్త్రిగారు కుండకి బిగించి కాయిల్ వేసేరు. నాన్న ఈనె ముంచి నావైపు చాపేరు. రెండుసార్లు కాదన్నాను. మూడోసారి, "తాటిబెల్లం, నాన్నా." మేస్త్రిగారు బిళ్లని మెల్లగా తిప్పుకుంటూ వచ్చి, పెట్టె టక్‌మని కరెంటు కట్టేసినచోట ఆపి, ఆకురాయితో గాడి పెట్టేరు. ఆయనకి సంగతి అర్థమయ్యే ఉంటుంది.

నాన్న బొటనవేలితో గాడి తడిమి చూసుకున్నారు. "ఇంక నువ్వు లోపలికెళ్లి హాయిగా చదువుకో అమ్మా."

పొగలో, వేడిలో కూచుని ఎన్నోసార్లు కోరుకున్న మాటే అది. ఆ సాయంత్రం పుస్తకం తెరిచేను గానీ ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

పెళ్లయి కొత్తపేట వెళ్లేక, మొదటిసారి ఒక్కదాన్నీ పుట్టింటికొచ్చిన రోజు వీధి తలుపు వేసుంది. పెరటివైపు వెళ్లేను. షెడ్డులో నాన్న ఈనెని ఒకప్పుడు నేను కూచునే పీట వైపు చాపి ఉన్నారు. పీట మీద ఎవరూ లేరు.

"ఏ రంగమ్మా?"

పెట్టె టక్‌మంది.

"ఆయ్" అని, ఈనె పక్కన పెట్టి గరిటె అందుకున్నారు.

నేను చూశానని తెలిస్తే సిగ్గుపడతారు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మళ్లీ వీధిలోకి వచ్చేను. కళ్లు తుడుచుకుని, అప్పుడే బస్సు దిగినదానిలా గేటు గట్టిగా తోసి, "నాన్నా" అని పిలిచేను.