మిషన్ మీద వేసిన నింద

మా ఊళ్లో కాలిమిషన్ ఉన్న దర్జీని నేనొక్కడినే. నల్లగొండ దాకా పోనక్కర లేకుండా చుట్టుపక్కల వాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు. అరవైల మొదట్లో నాకు ముప్పై అయిదేళ్లు కూడా లేవు. కోపం ముక్కు మీదే ఉండేది. నా కాలు ఆడితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాబట్టి, ఆ కాలికి ఏమైనా అవుతుందన్న ఆలోచనను దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు.

ఆ ఎండాకాలం దారం తెగడం మొదలైంది. చేతిలో పెండ్లివాళ్ల రవికలు ఉన్నాయి. జానెడు కుట్టగానే పుటుక్కున తెగేది. బిగువు ఎక్కువైందనుకొని దారాన్ని పట్టే మర వదులు చేశాను. బట్ట తిరగేసి చూస్తే అడుగున దారం ఉండలుండలుగా వేలాడింది. మళ్లీ బిగించాను, మళ్లీ తెగింది. సూది మార్చాను. బాబిన్ విప్పి పీచు ఊదాను. రీలు అమ్మిన సేటును ఏడు తరాలతో సహా తిట్టాను.

చక్రం ఒకే వేగంతో ముందుకు తిరగాలి. నడుమ ఆగి రవ్వంత వెనక్కి తిరిగిందా, దారం చిక్కుపడి తెగుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఈ ముక్క నేనే చెప్పేవాణ్ణి. అయినా చక్రాన్ని తిప్పే తోలు పట్టా వదులైందని దాన్ని కోసి పొట్టి చేశాను. దాంతో తొక్కడం ఇంకా బరువైంది. అప్పటికే పొద్దున లేస్తే మోకాలు ముడిచేందుకు వచ్చేది కాదు. తొక్కే పలకకు మడమ ఆనేది కాదు. ఎవరూ చూడకుండా గోడ పట్టుకుని లేచేవాణ్ణి.

నా భార్య చూసింది.

"మిషన్‌కు ఏం గాలేదయ్యా. నీ కాలే నడుమల ఆగుతాంది."

"దర్జీ పని నువ్వు నాకు నేర్పుతవా? పో, పోయి పొయ్యి సూసుకో," అని అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ క్షణంలో నాకే గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఒక్కపారి లే. నేను తొక్కి సూస్త," అన్నది.

ఆమెకు గుండీలు కుట్టడం, కాజాలు తీయడమే తెలుసు. ఆమె తొక్కినా తెగితే నా మాటే నిలుస్తుందని లేచాను. బిగువు మర ముట్టుకోవద్దన్నాను. మొదటిసారి చక్రం వెనక్కి పోయి దారం తెగింది. "సూసినవా?" అన్నాను, సంతోషంగా. ఆమె మళ్లీ దారం ఎక్కించింది. ఈసారి కాళ్లు కుదిరాయి. అదే సూది, అదే రీలు, నేను పెట్టిన అదే బిగువు. రవిక పక్క కుట్టు చివరిదాకా పోయింది. తిరగేస్తే అడుగున ఆవగింజలు పేర్చినట్టుంది.

నాకు భయమేసింది. జబ్బంటే జ్వరంలా నాలుగు రోజులుండి పోయేదని తెలుసు. ఇది ఎన్నాళ్లుగా ఉందో లెక్కపెట్టుకోబోయి మానేశాను. ఇంకో రవిక తీసుకుని ఆమె కుడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగితే బాగుండుననిపించింది.

ఆమె దెప్పలేదు. కుట్టడం అయ్యాక లేచి కడవలోంచి చెంబు నిండా నీళ్లు ముంచి తెచ్చింది. "తాగు, జర నిమ్మళమైతది," అన్నది.

మా ఊరి బావి నీళ్లే ఎముకలను అలా బిగదీస్తున్నాయని చాలా ఏళ్ల తర్వాత, నేను రెండు కర్రల మీద నడిచే రోజుల్లో, ఒక డాక్టరు చెప్పాడు. ఆ రోజు మాత్రం సగం తాగి చెంబు ఆమె చేతికిచ్చాను. తొక్కి తొక్కి అలసిపోయి ఉంది. మిగతా సగం ఆమె తాగింది.