చివరి పేరా లేకుండా అచ్చయిన కథనం

"గా సదానందమే కదా సార్ మమ్ముల ముంచింది. ఆయన నంబరు గూడ బ్లాక్ చేసిన" అంది స్వరూప.

మహబూబాబాద్ స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఆమె గేమింగ్ సెంటర్ ఉంది. పది కంప్యూటర్లలో ఆరింటిపై పాత చీరలు కప్పి ఉన్నాయి. నేను టీ గుటక వేసి, "ఔ, ఆయన జర ఆలోచించి చెప్పాల్సింది" అన్నాను.

అది అబద్ధం. సదానందం ఆలోచించే చెప్పాడు. ఆయన చెప్పిన మాటను కోసేసింది నేను.

ఆ పొద్దున ఏడున్నరకు జనగామలో రైలెక్కాను. జనరల్ టికెట్టు వంద రూపాయల లోపే. పత్రిక ఉద్యోగం వదిలి రెండేళ్లయినా ఆదివారం అనుబంధానికి అప్పుడప్పుడు రాస్తుంటాను. మళ్లీ కొత్త కన్సోల్ వస్తుందంటున్నారు కాబట్టి, నాలుగేళ్ల కింద మనం రాసిన సెంటర్ ఎలా ఉందో చూసి రమ్మని అడిగారు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కిన ఒక రైతు సంగతి విని నవ్వాడు. "ఆటల మీద గూడ రాస్తరా సార్? మా యూరియా లైన్ల మీద రాయరాదు?"

కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టె. ఒక పెట్టె ఏడెనిమిదేళ్లు మార్కెట్లో ఉంటుంది. ఆటలు తయారుచేసేవాళ్లు దాని బలాన్నే కొలతగా పెట్టుకుంటారు. పీసీలో ఆ ఆట నడవాలంటే, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంత బలమైనది కావాలన్నదీ అక్కడే తేలుతుంది. అయితే కొత్త పెట్టె రాగానే కొలత మారదు. రెండు మూడేళ్లు పాత పెట్టెకూ కొత్తదానికీ కలిపి ఆటలు వస్తాయి. ఆ కాలంలో పాత కార్డులు చక్కగా నడుస్తాయి.

నాలుగేళ్ల కింద ఇదంతా నాకు విడమరిచి చెప్పింది సదానందమే. అప్పుడాయన మహబూబాబాద్‌లో కంప్యూటర్ మెకానిక్. స్వరూప సెంటర్‌లో మిషన్లు బిగించింది ఆయనే. చివరలో ఒక మాట అన్నాడు: "పాత పెట్టెకు ఆటలు బంద్ అయిన్నాడు ఈ కార్డులు గూడ బంద్ సార్. గిది తప్పక రాయుండ్రి."

రాశాను, చివరి పేరాలో. ఆ సాయంత్రం పేజీలోకి ఒక ప్రకటన వచ్చింది. జాగా చాలకపోతే వార్తను కింది నుంచి కోయడం మా డెస్కు అలవాటు. చదవకుండా కోశాను. పాత కార్డులతోనే కొత్త ఆటలన్న శీర్షికతో, సదానందం పేరుతో కథనం అచ్చయింది. తెల్లవారి పేపరు చూడగానే ఏం పోయిందో నాకు తెలిసింది. సవరణ వేయమని అడగలేదు. అది చదివి స్వరూప, సదానందాన్ని మళ్లీ అడగకుండానే, పది పాత కార్డులు తెప్పించింది.

"ఇప్పుడు కొత్త ఆట తెరిస్తే నీ కార్డు చాలదని రాసి ఆగిపోతది" అందామె. "పోరగాండ్లు పాత ఆటలు ఎన్నిసార్లని ఆడుతరు? సోమవారం హైదరాబాద్ పోతున్న. కొత్త కార్డులు కొనాల్నా, కొత్త పెట్టె వచ్చేదాంక ఆగాల్నా, మీరే చెప్పుండ్రి. ఈసారి గూడ తప్పితే తాళమే." కనుక్కుని చెబుతానని లేచాను.

పదకొండున్నర బస్సుకు హనుమకొండ వెళ్లి, భోంచేసి, భూపాలపల్లి బస్సెక్కాను. ఆ దారిన వెళ్లేవారు హనుమకొండలోనే సీటు పట్టుకోవాలి. పరకాల దాకా నిలబడే జనమే.

"జరుగుండ్రి బాపూ, బస్సు మీ ఒక్కరిదేనా?" అని కండక్టర్ నన్ను లోపలికి తోసింది. బొగ్గు లారీల వెనక నెమ్మదిగా సాగి నాలుగున్నరకు చేరాం.

సదానందం ఇప్పుడు అక్కడ చిన్న రిపేరు షాపు నడుపుతున్నాడు. లాప్‌టాప్ విప్పుతూ తలెత్తాడు.

"ఏంది సార్, గింత దూరం వచ్చిన్రు?"

మహబూబాబాద్ నుంచి వస్తున్నాననీ, కార్డులు కొనాలా ఆగాలా అని స్వరూప అడుగుతోందనీ చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "నాదే తప్పు సార్. పాత పెట్టె ముచ్చట మీకు చెప్పుడు మర్చిపోయినట్టున్న. చెప్తే పేపర్ల వచ్చేది గద."

"చెప్పినవ్ సదానందం. నేనే కోసిన."

ఆయన స్క్రూలు ఏరి డబ్బాలో వేశాడు. "నాలుగేండ్ల సంది నా మతిమరుపునే తిట్టుకుంటున్న" అన్నాడు. "స్వరూపక్కకు చెప్పిన్రా?"

"లేదు. పొద్దున గూడ తప్పు నీదే అన్న."

"పొద్దున గూడనా!" ఆయన నా వైపు చూడలేదు. లాప్‌టాప్ మూత బిగిస్తూ, "ఆగుడు అక్కర్లేదని చెప్పుండ్రి. కొత్త పెట్టె వచ్చినా రెండు మూడేండ్లు ఇప్పటి దానికి గూడ ఆటలొస్తయి. ఇప్పటి పెట్టెకు సాటొచ్చే కార్డు తీసుకొమ్మనుండ్రి. మెమొరీ కాడ మాత్రం కక్కుర్తి పడొద్దు. నా పేరు చెప్పకుండ్రి, చెప్తే కొనది" అన్నాడు.

తిరుగు బస్సులో స్వరూపకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కోసిన పేరా, కోసిన చేయి, ఇప్పటి సలహా, అది ఎవరిదో, అన్నీ టైపు చేసి పంపాను. కాజీపేటలో జనగామ రైలు కోసం నిలబడ్డప్పుడు చూస్తే ఆమె చదివినట్టు గుర్తు కనిపించింది. రైలు సగం ఖాళీ. జనగామలో పొద్దున బయల్దేరి మూడు ఊళ్లు చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఒక్క రోజు ప్రయాణం. చేయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ సోమవారం ఆమె హైదరాబాద్ వెళ్లిందో లేదో ఇది రాసే నాటికి నాకు తెలియదు. సదానందం నిన్న ఫోన్ చేసి చెప్పాడు: ఆమె ఫోన్లో ఆయన నంబరు ఇంకా బ్లాక్‌లోనే ఉంది.