కదలని చేపలు

విజయనగరంలో మా మేడ మీది గదిలో కూర్చుని డ్రైవర్లు రాయడం నా ఉద్యోగం. ఈ మాట చెబితే పక్కింటి పెద్దాయన, ఏ రూటు బస్సు అని అడిగాడు. డ్రైవరంటే ఇక్కడ పరికరానికీ కంప్యూటర్‌కీ మధ్య నడిచే ప్రోగ్రామ్. పరికరం పంపిన సమాచారం, కంప్యూటర్ తన సొంత పనికి దాచుకునే కెర్నెల్ మెమరీలో పడుతుంది. మామూలు ప్రోగ్రాములకు అందులోకి ప్రవేశం లేదు కాబట్టి డ్రైవరే నకలు తీసి ఇస్తుంది. ఆ నకలు పని దండగనిపించి, అదే మెమరీని ప్రోగ్రామ్ నేరుగా చూసేలా చేశాను. ఈ తెలివి లోకంలో నాకే పుట్టినట్టు మురిసిపోయాను.

అప్పుడు చేస్తున్నది నీళ్లలోకి శబ్దం పంపి చేపల గుంపును తెర మీద చూపించే పెట్టె. మా అక్క మొగుడు శ్రీకూర్మం అవతలి తీరంలో వేటకు వెళ్తాడు. ఆయన పడవలోనే పరీక్షిస్తానని పట్టుబట్టాను.

ఒడ్డు దాటి ఇంజను ఆపాక, శబ్దం పంపే తీగను నీళ్లలోకి వదిలి పెట్టె ఆన్ చేశాను. తెర మీద దట్టమైన గుంపు. ఇంకా లోపలికి పోదామని బావ ఇంజను వేశాడు. తెర అలాగే ఉంది కానీ పెట్టెలో శబ్దం పంపే భాగం ఒకసారి ఆరి మళ్లీ వెలిగింది. అదేమంత విషయం కాదనుకున్నాను.

లోపల కూడా గుంపు కనబడింది. వల వేస్తే జెల్లీ చేపలు తప్ప ఏమీ రాలేదు. చోటు మార్చాం. అక్కడా గుంపే, అక్కడా ఖాళీ వలే.

"ఆ సేపలు కదలవేటిరా?" అన్నాడు బావ.

"గుంపు మనతోపాటే వస్తంది బావా."

"మనతో వస్తన్నవి వల్లోకెందుకు రావు?"

తెర బావకు చూపిద్దామని వెనక్కి జరిగాను. నా కాలు తగిలి నీళ్లలోకి వేసిన తీగ పెట్టె నుంచి ఊడిపోయింది. తెర మీద చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి.

బావ తీగనీ తెరనీ నన్నూ వరసగా చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి చూస్తే సంగతి తేలింది. ఆ భాగం ఆరి వెలిగినప్పుడు నా డ్రైవర్ కొత్త మెమరీ తీసుకుని సమాచారం అందులో వేసింది. ప్రోగ్రామ్ పాతదాన్నే చూస్తూ కూర్చుంది. పొద్దున్న ఒడ్డు దగ్గర కనిపించిన గుంపునే రోజంతా సముద్రమంతా చూపించాను. ఆ భాగం ఎన్నిసార్లు ఆరినా అదే మెమరీని వాడేలా డ్రైవర్ రాతను మార్చాను.

మళ్లీ వెళ్లినప్పుడు తెర మీద చేపలు కదిలాయి. వలలో కవళ్ల చేపలు బాగానే పడ్డాయి. ఒడ్డుకు చేరాక బావ పెట్టెను టార్పాలిన్‌లో జాగ్రత్తగా చుట్టాడు.

"ఇది పడవలో ఉండనీ," అన్నాడు. "నువ్వు రేపట్నించి గట్టు మీదుండు."