పాత పడుగు కోయని అంబాదాస్

అంబాదాస్ అన్న మరణవార్త నాకు ఏడు నిమిషాలు ఆలస్యంగా చేరింది. ఆ ఆలస్యానికి కారకుడు కూడా ఆయనే. అప్పుడు నేను అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక పికప్ బండి స్టీరింగు కింద ముడుచుకుని కూర్చుని, దాని ఇంజను కంప్యూటరులోకి, అంటే ఈసీయూలోకి, కొత్త లెక్కలు రాస్తున్నాను. ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. తీయలేదు. "రాత నడుస్తుంటే ఇల్లు అంటుకున్నా లేవద్దు తమ్మీ. సగం రాసిన ఈసీయూ అంటే సచ్చిన ఈసీయూ" అని పదకొండేళ్లుగా నాకు పని నేర్పుతూ నూరిపోసిన మనిషి ఆయన. రాత పూర్తయ్యాక నేనే ఫోను చేస్తే, "మీ అన్న పోయిండు" అని ఒక్క మాట అన్నది వదిన. షోలాపూర్ భవాని పేట్‌లోని మా దుకాణంలో, బల్ల ముందు కూర్చున్నచోటే గుండె ఆగిందట. ఆయనకు యాభై నాలుగేళ్లు. బండివాడికి తాళం ఇచ్చి పది అడుగులు వేశాక, ఇచ్చానో లేదో గుర్తులేక వెనక్కి వెళ్లి అడిగాను. నా దిగ్భ్రాంతి గురించి ఇంతకన్నా చెప్పలేను.

ఆయన తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చాడు. అంబాదాస్ చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత చద్దర్ల మీద పువ్వులు రావడానికి మగ్గానికి తగిలించే జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టేవాడు. మగ్గాలకు కంప్యూటర్లు వచ్చినప్పుడు చాలామంది తల పట్టుకున్నారు. ఆయన ఆ పని నేర్చుకున్నాడు. ఆనక బండ్ల మీద పడ్డాడు. ఇప్పటి ఇంజనులో ఎప్పుడు ఎంత డీజిలు చల్లాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ అంకెల పట్టికలను తెరిచి, బండికీ బరువుకూ తగినట్టు దిద్దడమే ఆయన విద్య. ఈ విషయం నేనిలా చెబుతున్నాను గాని, ఆయనైతే అరనిమిషంలో తేల్చేవాడు. "అక్కడ చిల్లు ఉంటే దారం లేస్తది, ఇక్కడ అంకె ఉంటే డీజిల్ పడ్తది. గంతే."

ఆయన కోపిష్ఠి. గురుభక్తి పేరుతో ఆ సంగతి దాచను. ఒక కుర్రవాడు ఖరీదైన కారు తెచ్చి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడల్లా సైలెన్సరులోంచి తుపాకీ పేలినట్టు చప్పుడు రావాలన్నాడు. అలా రాయడం ఆయనకు చిటికెలో పని. "పటాకులు గావాల్నా? దివాళీకి దుకాన్ల కొనుక్కో, చల్" అని బయటికి పంపాడు. ఆ వారమంతా మాకు ఒక్క గిరాకీ కూడా రాలేదు. నేను సణిగాను. ఆయన వినలేదు.

ఆయనకు ఒక అలంఘ్యమైన నియమం ఉండేది. మగ్గం మీద బట్ట అయిపోయినప్పుడు నేతగాడు పాత పడుగును, అంటే నిలువు పోగులను, మొదలంటా తీసేయడు. కొస వదిలిపెట్టి, ఒక్కొక్క పోగుకూ కొత్త పోగు అతుకుతాడు. అది కోసేస్తే మళ్లీ వేల పోగులు అచ్చులోంచి ఎక్కించుకోవాలి. అంబాదాస్ అన్న బండినీ అలాగే చూశాడు. ముందు దానిలో ఉన్న లెక్కను చదివి, బండి నంబరుతో దాచి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. దాచిన ఆ ప్రతిని ఆయన 'పాత పడుగు' అనేవాడు. నేను ఒకసారి తొందరలో చదవకుండానే రాయబోతే మణికట్టు పట్టుకుని ఆపాడు. "కోసినంక అతుకుటానికి ఏముంటది తమ్మీ, నీ బొందా?"

ఇంత జాగ్రత్తపరుడూ ఒకసారి తప్పు చేశాడు. ఆ తప్పులో సగం నాది. నేను చేరిన కొత్తలో, అన్న ఉండే బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కే చెందిన ఒక టెంపో యజమానిని నేనే తీసుకొచ్చాను. టవళ్ల బేళ్లతో ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఇంకా గుంజాలి అన్నాడతను. పొగ రాకుండా ఇంజనులో డీజిలుకు ఒక హద్దు ఉంటుంది. "దాటించు అన్నా, గిరాకీ అడుగుతుండు గద" అని నేనే ఒత్తిడి చేశాను. ఆయన కాసేపు ఆలోచించి దాటించాడు. టెంపో గుంజింది. వెనకాల నల్లటి పొగ కూడా గుంజింది. చాలా కాలం తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. "నేతోని అకల్ తమ్మీ నాది. పేక ఎక్కువ గొడితే బట్ట గట్టిగొస్తది అనుకున్న. ఇంజన్ మగ్గం గాదు. ఎక్కువైంది బయటికే కక్కుతది."

ఆ టెంపో రోజూ పొద్దున్నే ఆయన ఇంటి ముందే స్టార్టయ్యేది. అక్కడ వాళ్లమ్మ రాజవ్వ గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఊపిరి ఆడక ఆమెను రెండుసార్లు దవాఖానాలో చేర్చారు. ఒకనాడు నా ముందే కొడుకును అడిగింది.

"జిందగీ మొత్తం బీడీలు జుట్టిన, ఒక్కటి తాగలె. గీ పొగ మాత్రం రోజు తాగుతున్న. గా బండి నువ్వే జేసినవంట గద?"

ఆయన తల దించుకున్నాడు. "సాఫ్ జేస్త అవ్వా. పాత పడుగు నా దగ్గర్నే ఉన్నది."

పైసా వద్దు, మళ్లీ మార్చి ఇస్తానని యజమాని ఇంటికి వెళ్లాడు. "బండి మస్త్ చల్తుంది, కశాలా, ఎందుకు మార్చుడు?" అని అతను నవ్వాడు. అన్న మూడుసార్లు వెళ్లాడు. నాలుగోసారికి టెంపో అమ్ముడైపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని. వీధిలో పొగ పోయింది గాని ఆయన మనసులో పోలేదు. ఆ టెంపో ఎక్కడో ఇంకొక తల్లి గుమ్మం ముందు స్టార్టవుతుందని ఆరేళ్లు వెతికాడు. టీ బండ్ల దగ్గర, టోల్ నాకాల దగ్గర, వెనక తలుపు మీద వంకర మెడ నెమలి బొమ్మ ఉన్న టెంపో చూశారా అని అడిగేవాడు. జనం నవ్వేవారు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నేనూ నవ్వాను.

పదకొండో రోజు కర్మకు అన్న ఇంటికి ఒక టెంపో కుర్చీలు దింపడానికి వచ్చింది. ముందు పొగ వాసన తగిలింది. తర్వాత తలుపు మీద నెమలి కనబడింది. రంగు వెలిసింది, మెడ మాత్రం అదే వంకర. నంబరు చూశాను. అదే.

డ్రైవరుకు సంగతి చెప్పాను. "జరా తక్కువ గుంజుతది" అని కూడా చెప్పాను. "తక్కువైతె అయితది గానీ, ఈ పొగకు రోజు పోలీసోళ్లు ఆపుతున్నరు. చేసెయ్" అన్నాడు. దుకాణం నుంచి అన్న ల్యాప్‌టాప్ తెచ్చాను. వేలాది నంబర్ల మధ్య ఈ ఒక్క నంబరు పక్కన మాత్రం 'అతుకాలె' అని రాసి ఉంది. నా వేలు రాయడానికే తొందరపడింది. అప్పుడు మణికట్టు దగ్గర ఆయన పట్టు గుర్తొచ్చి ఆగాను. ముందు బండిలో ఉన్నది చదివాను. ఆయన చేతి తప్పును కూడా నంబరు వేసి దాచాను. తర్వాత పాతది రాశాను. మధ్యలో పంతులు పిలిచాడు. లేవలేదు.

ఈ పేటల్లో ఇంజను లెక్కలు దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు, రేపు ఇంకా వస్తారు. తాను చేసిన తప్పు వెనక ఆరేళ్లు తిరిగే మనిషిని నేను ఒక్కణ్నే చూశాను. ప్రతి బండికీ ఆయన దగ్గర పాత ప్రతి ఉంది. ఆయనకే లేదు. ఆయన బల్లకు మొక్కి రోజూ పనిలో కూర్చుంటున్నాను. అంతకు మించి నివాళి నాకు చేతకాదు.

ఆ రోజు టెంపో స్టార్టయినప్పుడు రాజవ్వ గుమ్మంలోనే ఉంది. అలవాటుగా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది.

"ఏం బండి బిడ్డా అది? పొగే వస్తలేదు."

"ఆ నెమలి బండే అవ్వా. అన్న దాసిపెట్టిందే రాసిన."

ఆమె టెంపో మలుపు తిరిగేదాకా చూసింది.

"సాఫ్ జేస్త అన్నడు గద" అన్నది.